పేరున్న బంటు

మా అన్నయ్య కొడుకు ఇక్కడికి దగ్గరలోని శ్రీసిటీలో ఒక జపాను సంస్థలో పనిచేస్తాడు. ఆరు నెలల శిక్షణకు ఆ దేశం వెళుతూ తన స్విచ్ ఆటపెట్టెను నా చేతిలో పెట్టి, "బాబాయ్, నీకు చదరంగమంటే ఇష్టం గదా, ఇది ఆడి చూడు. నచ్చితే తరువాత ఏది ఆడాలో నువ్వే తేల్చుకో, ఆ వరుసలో చాలా ఉన్నాయి" అని చెప్పి పోయాడు. పెట్టెలో ఉన్నది 'ఫైర్ ఎంబ్లమ్: త్రీ హౌసెస్', 2019లో వచ్చిన ఆట. యాభై దాటిన వయసులో, తడలో వానాకాలపు రాత్రుళ్ళు, దానిని టీవీకి తగిలించి రెండు నెలల్లో ముగించాను. అతను వదిలివెళ్ళిన ప్రశ్న మాత్రం మిగిలింది.

ఎరుగని వారి కోసం నాలుగు మాటలు. ఈ జాతి ఆటలను వ్యూహాత్మక పాత్రధారణ క్రీడలు అని తెలుగు చేసుకోవచ్చునేమో. గళ్ళు గీసిన మైదానం ఉంటుంది. మన పక్షం వారందరూ ఒక విడత కదులుతారు, ఆపై శత్రుపక్షం కదులుతుంది. అంతవరకు చదరంగమే. తేడా ఏమిటంటే ఇక్కడ ప్రతి పావుకూ ఒక పేరు, ఒక ఊరు, ఒక గతం ఉంటాయి. యుద్ధానికీ యుద్ధానికీ నడుమ వారు మనతో మాట్లాడతారు, భోజనానికి పిలుస్తారు, తమ్ముడి సంగతి చెప్పుకుంటారు. ఆట మొదట్లోనే మనను ఒక మాట అడుగుతుంది: క్లాసిక్ పద్ధతా, క్యాజువల్ పద్ధతా? మొదటిదానిలో పడినవాడు పడినట్టే, తిరిగి రాడు. రెండవదానిలో ఆ పోరు నుంచి తప్పుకొని, తరువాతి పోరుకు లేచి వస్తాడు. నేను చదరంగం ఆడినవాణ్ణి కనుక, బింకంగా క్లాసిక్ ఎంచుకొన్నాను.

గ్రోండర్ మైదానంలో మూడు సేనలు ఒకేసారి తలపడే ఘట్టం ఒకటి ఉంది. నడిమి గుట్టకు నిప్పు పెడతారు. అక్కడ నా విలుకాడు ఆష్ పడిపోయాడు. పోరులో కాలాన్ని కొన్నిసార్లు వెనక్కి తిప్పే సౌకర్యం ఆ ఆటలో ఉంది గాని, అప్పటికే దానిని చిల్లర తప్పులకు ఖర్చుపెట్టుకొని ఉన్నాను. పక్కన కూర్చుని చూస్తున్న అమ్మ, "వాడెవరి పిల్లాడ్రా?" అని అడిగింది. తల్లిదండ్రులు పూటకూళ్ళ ఇల్లు నడిపి చనిపోయారనీ, తమ్ముణ్ణీ చెల్లెలినీ సాకడానికి దొంగతనాలు చేశాడనీ, ఒక ప్రభువు చేరదీసి చదివించాడనీ నాకు తెలిసినంత చెప్పాను. అమ్మ కాసేపు ఊరుకొని, "మా మేకలకు పేర్లుండేవి కావు. అదే నయం" అంది.

అమ్మ అన్నది పులిమేక ఆట సంగతి. పులిజూదమనీ అంటారు. మా పాత ఇంటి అరుగు మీద దాని గీతలు చెక్కి ఉండేవి. ఇటువంటి గీతలు దక్షిణ దేశమంతటా గుడి మండపాలలో, సత్రాల అరుగులలో కనిపిస్తాయి. హంపీ శిథిలాలలో రాతి మీద గీసుకొన్న ఆటపలకలు ఎన్నో ఉన్నాయి. మూడు పులులు, పదిహేను మేకలు, గీతలు కలిసే బిందువులు ఇరవై మూడు. లెక్కలు ఊరినిబట్టి కొంత మారతాయి. పులులకు గులకరాళ్ళు, మేకలకు చింతపిక్కలు మామూలే. పులికాట్ సరస్సు పక్కనున్న ఊరు కాబట్టి మా ఇంట్లో మేకలంటే గుల్లలు. పులులు ముందే పలక మీదికి వస్తాయి. మేకలు ఒక్కటొక్కటిగా దిగాలి. అన్నీ దిగేదాకా ఏ మేకా కదలడానికి వీల్లేదు. పులి తన పక్కనున్న మేక మీదుగా, ఆవల బిందువు ఖాళీగా ఉంటే, తిన్నగా దూకి దానిని తినేస్తుంది. మూడు పులులూ ఎటూ కదలలేకుండా కట్టివేస్తే మేకలది గెలుపు.

కొత్తగా నేర్చేవాడు ఎప్పుడూ పులి పక్షమే అడుగుతాడు, తినడంలో సరదా ఉంది కనుక. ఆట తెలిసినవాడు మేకలను కోరుకుంటాడు. అమ్మ మేకలతో ఆడేది. ఒక మేకను కావాలని పులి ముందు పెట్టేది. అది దూకి తిన్నచోట మూడు దిక్కులా గుల్లలు మూసుకొనేవి. ఎన్ని ఎరలు వేసి ఎన్ని మిగుల్చుకోవచ్చో ఆమెకు లెక్క ఉండేది. నాలుగైదు పోతే ఇక కట్టడానికి చాలవు. ఆ ఎర మేకకు పేరుండి, దానికొక చెల్లెలు ఉండి ఉంటే అమ్మ ఆ ఎత్తు వేసి ఉండేదా అని ఇప్పుడనిపిస్తున్నది.

పులిమేక వచ్చిన పిల్లవాడికి తరువాత ఏ ఆట నేర్పాలన్న నియమమేదీ మా అరుగు మీద ఉండేది కాదు. ఎవరు దొరికితే వారి ఆట. అయితే ఆ ఆటలను ఇప్పుడు తలచుకొంటే, వాటిని విడదీసే గీత ఒకటి స్పష్టంగా కనిపిస్తున్నది. పోయిన పావు ఏమవుతుంది? పులిమేకలో తిన్న మేక మళ్ళీ రాదు. దాడి ఆటలో మూడు పావులు వరుసగా కూడితే ఎదుటివాడి పావొకటి తీసి పక్కన పెడతాము, అదీ రాదు. అష్టాచెమ్మాలో అలా కాదు. కాయను కొడితే అది ఇంటికి పోతుంది, గవ్వలు అనుకూలిస్తే మళ్ళీ బయలుదేరి పండుతుంది. క్లాసిక్కూ క్యాజువలూ రెండూ మన వసారాలోనే ఉన్నాయన్నమాట. గవ్వల ఆటలో కోపం తెచ్చుకొనేవారే గాని దిగులుపడినవారిని నేను చూడలేదు.

చదరంగం కథ ఇంకొంచెం చిక్కైనది. మనవాళ్ళు ఆడిన దేశీ పద్ధతిలో బంటు మొదటి ఎత్తున రెండు గళ్ళు దూకదు, ఒక్కటే. కోట కట్టడం లేదు. దానికి బదులు రాజు ఒక్కసారి గుర్రంలా గెంతవచ్చు. బంటు అవతలి అంచు చేరితే ఏ నిలువు వరుసలో చేరిందో ఆ వరుస పావు అవుతుంది. గుర్రం గడిలో చేరితే గుర్రం, ఏనుగు గడిలో చేరితే ఏనుగు. కొన్నిచోట్ల ఆ పావు అంతకుముందు పోయి ఉంటేనే ఈ పదోన్నతి. చనిపోయిన గుర్రం స్థానంలోకి ఒక బంటు నడిచి వెళ్ళడం చూడటానికి చాలా బాగుంటుంది. నిదానమైన ఆట అది. సేనలు ఎదురుపడటానికే ఎన్నో ఎత్తులు పడుతుంది.

పందొమ్మిదవ శతాబ్ది మొదట్లో ఈ ఆట తెలిసినవారి ముందుకు ఐరోపా పద్ధతి వచ్చింది. ఒకే వంశంలోని కొత్త ఆట. తిరువేంగడాచార్య శాస్త్రి అనే పండితుడు సంస్కృతంలో కూర్చిన చదరంగ సమస్యలు, ఐరోపా ఆటకు అనువుగా మార్చి, 1814లో బొంబాయిలో ఇంగ్లీషు పుస్తకంగా వెలువడ్డాయి. మాకు మరింత దగ్గరి సంగతి మద్రాసుది. తడకు 80 కిలోమీటర్ల లోపే గదా. 1828 ప్రాంతంలో మద్రాసు, హైదరాబాదు నగరాల మధ్య ఉత్తరాల మీద రెండు చదరంగం ఆటలు నడిచాయి. మద్రాసు పక్షాన ఎత్తులు నిర్ణయించడంలో ముఖ్యుడు గులాం ఖాసిం. ఆయనా, మద్రాసు సివిల్ సర్వీసులోని జేమ్స్ కాక్రేనూ కలిసి ఆ ఆటలతోపాటు మ్యూజియో గాంబిట్ అనే ఎత్తుగడపై విశ్లేషణను 1829లో మద్రాసులోనే అచ్చువేశారు.

ఆ గాంబిట్‌లో తెల్లపక్షం అయిదో ఎత్తుకే తన గుర్రాన్ని శత్రువు బంటుకు వదిలేస్తుంది. గుర్రం పోయిన వేగంలో మంత్రినీ శకటునూ రాజు మీదికి తోస్తుంది. అలా గుర్రాన్ని వదిలేసి, కోట కట్టకుండా మంత్రి ముందరి బంటును రెండు గళ్ళు నెట్టే ఎత్తు ఒకటి నేటికీ గులాం ఖాసిం పేరుతోనే చలామణి అవుతున్నది. బంటు ఒక్కొక్క అడుగే వేసే చదరంగం వ్యాపించిన దేశంలో పుట్టినవాడు, కొత్త పద్ధతికి వచ్చి, అందులో అన్నిటికంటే దుందుడుకు దారిని పట్టుకొని దానికి తన పేరు మిగిల్చిపోయాడు. అతడు ఆ ఆట చరిత్రను మొదటి నుంచి వరుసగా చదువుకొని దిగి ఉంటాడని నేననుకోను. ఒక శతాబ్దం తరువాత పంజాబు నుంచి వెళ్ళిన మీర్ సుల్తాన్ ఖాన్ కథా ఇంతే. దేశీ చదరంగంలో పెరిగి, ఐరోపా పద్ధతిని ఆలస్యంగా నేర్చి, 1929, 1932, 1933లలో బ్రిటిషు ఛాంపియన్ అయ్యాడు. ప్రపంచ చదరంగ సమాఖ్య అతనికి గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది 2024లో, మనిషి పోయిన ఎన్నో దశాబ్దాలకు. ఒక వరుసలోకి కొత్తగా వచ్చినవాడు మొదటినుంచి మొదలుపెట్టాలన్న నియమాన్ని ఈ ఇద్దరూ పాటించలేదు.

ఈ ధైర్యంతోనే ఫైర్ ఎంబ్లమ్ వరుసను చూడసాగాను.

మొదటి ఆట 1990 ఏప్రిల్‌లో జపానులో వచ్చింది. నింటెండో వారి ఫ్యామికాం పెట్టె మీద, క్యోటోలోని ఇంటెలిజెంట్ సిస్టమ్స్ తయారీ. రూపకర్త షోజో కాగా. ఆ సంస్థే రెండేళ్ళ ముందు ఫ్యామికాం వార్స్ అనే యుద్ధక్రీడ చేసింది. అందులో సైనికులకు పేర్లు లేవు, ట్యాంకులు పోతే మళ్ళీ ట్యాంకులు కొనుక్కోవడమే. కాగా చేసిన పని చెప్పడానికి చిన్నది: ఆ బంట్లకు పేర్లు పెట్టాడు, పోయినవాడు రాడన్నాడు. అమ్మ భయపడింది సరిగ్గా దానికే. విచిత్రమేమంటే, ఆ నియమం పెట్టిన ఆటే దాన్ని పూర్తిగా భరించలేకపోయింది. చివర్లో ఒక మంత్రదండం ఇస్తుంది. దానితో చనిపోయినవారిలో ఒక్కరిని బతికించుకోవచ్చు. ఎవరిని అన్నది మన ఇష్టం. 

ఈ మొదటి ఆటతోనే మొదలుపెడదామా అంటే, ఇంగ్లీషులో అది 2020 డిసెంబరులో వచ్చి 2021 మార్చి ఆఖరుతో అమ్మకం ఆగిపోయింది. దాని పునర్నిర్మాణం 2008లో వచ్చిన షాడో డ్రాగన్. దీని గురించి చదివినప్పుడు నాకు మా అరుగు గుర్తొచ్చింది. ఉపోద్ఘాత ఘట్టంలో రాకుమారుడు తప్పించుకోవడానికి మన వాళ్ళలో ఒకరిని ఎరగా ఎంచి పంపాలి. పైగా కొన్ని ఉపకథలు మన దండు పదిహేనుమందికి మించకుండా ఉంటేనే తెరుచుకొంటాయి. అంటే ఎవరినీ పోగొట్టుకోకుండా జాగ్రత్తగా ఆడినవాడికి ఆ తలుపులు మూసే ఉంటాయి. వాటిని చూడాలంటే మన మనుషులను మనమే తగ్గించుకోవాలి! పేర్లున్న మనుషులతో పులిమేక ఆడమనడమే ఇది. పక్కన పెట్టాను.

1996లో వచ్చిన జినియాలజీ ఆఫ్ ది హోలీ వార్ మీద మనసుపడింది. రెండు తరాల కథ. మొదటి తరంలో ఒక తల్లి పెళ్ళి కాకుండానే పడిపోతే, రెండవ తరంలో ఆమె పిల్లల స్థానంలో వేరెవరో వస్తారు. పుట్టని బిడ్డల దాకా లెక్క పోతుంది. నష్టానికి ఇంత పొడుగు నీడ వేసిన ఆట మరొకటి ఆ వరుసలో లేదనుకొంటాను. కాని అది జపాను భాషలోనే వచ్చింది. అది మావాడు తిరిగొచ్చాక అతనితో కూర్చుని ఆడవలసినది. 1999లో త్రేసియా 776 తరువాత కాగా ఆ సంస్థను వదిలిపోయాడు.

జపాను వెలుపలి లోకం ఈ వరుసలోకి ఎలా ప్రవేశించిందన్నది ఇంకా ముచ్చటైన సంగతి. 2001లో వచ్చిన ఒక కుస్తీల ఆటలో ఈ వరుస వీరులు ఇద్దరు, మార్త్, రాయ్ అనేవాళ్ళు కనిపించారు. వీళ్ళెవరని విదేశీయులు అడగడం మొదలుపెట్టారు. దాంతో 2003లో ఏడవ ఆటను విదేశాలకు పంపారు, 'ఫైర్ ఎంబ్లమ్' అని ఉత్త పేరు పెట్టి, అదే మొదటిదన్నట్టు. అది కథాక్రమంలో అంతకు ముందరి ఆటకు పూర్వకథ. అందులో రాయ్ తండ్రి యువకుడు. బ్లేజింగ్ బ్లేడ్ అని ఇప్పుడు పిలుస్తున్నది దీన్నే. అలా జపాను వెలుపలి జనానికి తెరిచిన గుమ్మం ఏడవ మెట్టు మీద ఉంది.

ఆ తరువాతి చరిత్రను ఒక్క కోణం నుంచి చూస్తే చాలు: పోయినవాడు తిరిగివచ్చే దారి ఏడాదికేడాది వెడల్పయింది. 2010 నాటి న్యూ మిస్టరీలో మొదటిసారి క్యాజువల్ పద్ధతి పెట్టారు. అమ్మకాలు తగ్గిపోతూ ఉన్న కాలమది. 2,50,000 ప్రతులు పోకపోతే ఇదే చివరిదని పైవాళ్ళు హెచ్చరించారని తయారీదారులే తరువాత చెప్పుకొన్న అవేకెనింగ్, 2012లో వచ్చి అంచనాలను దాటిపోయింది. అందులోనూ క్యాజువల్ పద్ధతి ఉంది. 2015 నాటి ఫేట్స్‌లో పడినవాడు తన పక్షపు మరుసటి విడతకే లేచి నిలబడే పద్ధతి కూడా చేర్చారు. 2017 నాటి ఎకోస్‌లో కాలాన్ని వెనక్కి తిప్పే చక్రం వచ్చింది. త్రీ హౌసెస్‌లో నేను దుబారా చేసినది ఆ చక్రం వారసత్వాన్నే. 2023 నాటి ఎంగేజ్‌లోనూ ఆ సౌకర్యం ఉంది. వరుసను బతికించినది ఈ దయే అనడానికి నాకు సందేహం లేదు. కాని పాత ఆటగాళ్ళలో కొందరు దీనిని పిరికితనమంటారు. ఓడి తిరిగొచ్చేవాడు వీరుడా అని వారి ఆక్షేపణ.

ఆ ఆక్షేపణ మా సీమకు కొత్తది కాదు. నెల్లూరేలిన మనుమసిద్ధి కాలం, 13వ శతాబ్ది. కరువుకు పశువులను తోలుకొచ్చిన యాదవ నాయకుడు కాటమరాజుకూ మనుమసిద్ధికీ పుల్లరి దగ్గర తగవు వచ్చింది. పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర పోరు. మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కన, భారతం తెనిగించిన తిక్కన సోమయాజికి పెదతండ్రి కొడుకు. సేన నశించగా ఖడ్గతిక్కన ఇంటికి తిరిగివచ్చాడనీ, భార్య చానమ్మ స్నానాల గదిలో మంచం అడ్డుపెట్టి పసుపుముద్ద ఉంచిందనీ, తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసి, నీవలెనే పాలూ విరిగాయన్నదనీ, అతడు మళ్ళీ వెళ్ళి పోరాడి చనిపోయాడనీ చెబుతారు. చాటుపద్యాలూ ఉన్నాయి. చిన్నప్పుడు తెలుగు వాచకంలో పౌరుషానికి ఉదాహరణగా చదువుకొన్నాము. పరీక్షలో నాకు మంచి మార్కులే వచ్చాయి.

ఇప్పుడు ఆ కథ నాకు వేరుగా వినిపిస్తున్నది. గడ్డి పన్ను కోసం జరిగిన యుద్ధం. సేన పోయింది, ఒక్కడు మిగిలి వచ్చాడు. అప్పుడు ఆ ఒక్కణ్ణి తిరిగి పంపితే మనుమసిద్ధికి కలిగిన లాభమేమిటి? వ్యూహం తెలిసినవాడెవడూ ఆ ఎత్తు వేయడు. ఎర వేసిన మేకకైనా ఒక ప్రయోజనం ఉంటుంది, అవతల పులి కట్టుబడుతుంది. గులాం ఖాసిం గుర్రానికి ప్రతిఫలంగా దాడి దక్కుతుంది. ఖడ్గతిక్కన చావుకు ప్రతిఫలంగా దక్కినది ఒక పద్యం. సాహిత్యాభిమానిగా ఈ మాట అనడానికి నాకు సంకోచంగానే ఉంది. అమ్మకు లేదు. కథ మళ్ళీ చెప్పించుకొని విని, "పాలు విరిగితే పారబోసి వేరే పాలు కాచి పెట్టాల్సింది, పిచ్చి తల్లి" అంది.

చివరికి నేను ఎంచుకొన్నది బ్లేజింగ్ బ్లేడ్. కారణాలు చెబుతాను. అందులో క్యాజువల్ లేదు, కాలచక్రం లేదు. ఆ ఆటలోని యుద్ధంలో పోయినవాణ్ణి తిరిగి రప్పించడం దాదాపు ఉండదు. మంచి ఎత్తు వేసి కాపాడుకోవాలి, లేదా ఒప్పుకోవాలి. అయినా కొత్తవాడి మీద నిర్దాక్షిణ్యంగా దూకదు. లిన్ అనే అమ్మాయి కథగా సాగే మొదటి భాగమంతా చేయి పట్టుకొని నేర్పిస్తుంది. అన్నిటికంటే, ఆట మొదట్లో మన పేరు అడుగుతుంది, పుట్టిన నెల అడుగుతుంది. మనం అందులో రాజుమూ కాదు, వీరుడమూ కాదు, వెంట నడిచే వ్యూహకర్తలం. పాత్రలు మనవైపు తిరిగి మాట్లాడతాయి. బంట్లకు పేరు పెట్టిన కాగా పోయాక, ఎత్తులు వేసేవాడికి కూడా పేరు పెట్టిన ఆట ఇది. ఎర వేసినది ఎవరో దాక్కోవడానికి వీలుండదు. 2023 జూన్ నుంచి ఇది స్విచ్ చందాదారులకు దొరుకుతున్నది. మావాడు జపాను నుంచే ఏవో ఖాతాలు సవరించి నాకు తెరిచి పెట్టాడు. ఎంగేజ్ ఆడమని అతని సలహా. కొత్తది, బొమ్మలు బాగుంటాయన్నాడు. ఆడతాను, దీని తరువాత.

తెరిచాకగాని తెలియని సంగతి ఒకటుంది. పాత ఆటలను స్విచ్‌లో ఆడించే ఆ పెట్టెలోనే వెనక్కి తిప్పే ఏర్పాటు ఉంది. రెండు మీటలు కలిపి నొక్కి పట్టుకొంటే జరిగినది కొంతమేర జరగనట్టవుతుంది. 2003 నాటి వాళ్ళు పెట్టినది కాదు. ఇప్పటివాళ్ళు పెట్టినది. దానిని ముట్టుకోనని మావాడికి ఫోనులో చెప్పాను. నవ్వాడు.

మూడో అధ్యాయంలో ఒక విలుకాడు దండులో చేరాడు. పేరు విల్. "విల్లు పట్టినవాడి పేరు విల్లా?" అని అమ్మ మురిసిపోయింది. రెండు రోజుల తరువాత అతన్ని ఒక గడి ముందుకు పెట్టాను. గొడ్డలివాడు అంత దూరం రాగలడని లెక్క చూసుకోలేదు. అమ్మ అప్పుడే మందు వేసుకోవడానికి లేచి వంటింట్లోకి వెళ్ళింది. విల్ ఏదో చివరి మాట చెబుతున్నాడు. నేను చదవలేదు. లోపల చెంబు చప్పుడు వినిపిస్తుండగానే రెండు మీటలూ కలిపి నొక్కాను.